పాఠము చెప్పు పసివారు: ఎలిమెంటరీ బడిలో వీడియో స్టూడియో

మన గ్రామములలోని పెద్దలు వీధిబడిని తాము చూడకున్నను తమ తాతల నోట దాని ముచ్చటలు వినియే యుందురు. పంతులుగారు ఒక్కరు, పిల్లలు పాతికమంది. ఇసుకలో ఓనమాలు దిద్దువాడొకడు, ఎక్కములు వల్లించువాడొకడు, పెద్దబాలశిక్ష పట్టినవాడొకడు. అందరికిని పంతులుగారే చెప్పవలెనన్నచో ప్రొద్దు చాలదు. కావున ఎక్కములు వచ్చిన బాలుడు రాని బాలుని ప్రక్కన కూర్చుండి చెప్పును. పంతులుగారు అరుగుమీద నుండి ఒక చెవి అటు వేసి యుంచుదురు.

ఈ పద్ధతిని చూచి మెచ్చినవారిలో ఒక జిల్లా కలెక్టరు కూడ కలరు. 1823వ సంవత్సరమున బళ్లారి కలెక్టరుగా నుండిన ఎ. డి. కాంబెల్ దొర మద్రాసు ప్రభుత్వమునకు పంపిన నివేదికలో, తన జిల్లాలోని 533 బడుల లెక్క వ్రాసెను. వానిలో 226 తెలుగు బడులు, 235 కన్నడ బడులు. నేటి అనంతపురము ప్రాంతము కూడ అప్పుడు బళ్లారి జిల్లాలోనిదే. పై పిల్లలచేత క్రింది పిల్లలకు చెప్పించు పద్ధతి మెచ్చదగినదనియు, అట్లు చెప్పుటవలన పై పిల్లల చదువు కూడ గట్టిపడుచున్నదనియు, ఇంగ్లండు దీనిని అనుకరించుట తగియున్నదనియు ఆయన వ్రాసెను. పేదరికముచేత ఈ బడులు క్షీణించుచున్నవని కూడ అదే నివేదికలో విచారించెను.

ఇంగ్లండు అనుకరించిన మాట నిజము. మద్రాసు ఎగ్మూరులో సైనికుల పిల్లలకై నెలకొల్పిన అనాథ బాలుర ఆశ్రమమును 1789 నుండి నడపిన ఆండ్రూ బెల్ అను మతాచార్యుడు, ఇసుకలో అక్షరములు దిద్దు నాటుబడి పిల్లలను చూచి, ఆ పద్ధతిని తన ఆశ్రమమున ప్రవేశపెట్టదలచెను. అక్కడి ఉపాధ్యాయులు ఒప్పుకొనలేదు. అంతట ఆయన ఎనిమిదేండ్ల బాలునొకనిని చిన్న తరగతికి గురువుగా నియమించెను. పని జరిగినది. 1797లో ఆ అనుభవమును లండనులో పుస్తకముగా ప్రకటింపగా, అది మద్రాసు పద్ధతి యను పేర అచ్చటి బడులలో వ్యాపించినది.

ఇంత పాతకథను తవ్వుటకు కారణము కలదు. నేడు కొన్ని ఎలిమెంటరీ బడులలో ఒక గదిని స్టూడియోగా చేసి, పిల్లలచేతనే పాఠములను వీడియోలుగా తీయించుచున్నారు. ఊరివారిలో కొందరు దీనిని చూచి, చదువు మాని సినిమాలు తీయుచున్నారని విసుగుకొనుచున్నారు. కొందరు తల్లులు భయపడుచున్నారు. భయమునకు కొంత కారణము కలదు. దాని సంగతి ముందు చెప్పుదుము. కాని ఇది సినిమా కాదు. ఎక్కము వచ్చినవాడు రానివానికి చెప్పుటయే. ప్రక్కన కూర్చుండిన బాలునికి బదులు కెమెరా వచ్చినది.

ఒక జనవరి నెలలో, సంక్రాంతి సెలవులు ముగిసిన వారమున, కృష్ణా డెల్టాలోని ఒక ఎలిమెంటరీ పాఠశాలకు మేము వెళ్లితిమి. స్టూడియో అనగానే దీపములు, యంత్రములు, తెరలు ఉండునని తలచితిమి. అచ్చట చూచినది, ఒకప్పుడు మధ్యాహ్న భోజనపు బియ్యము నిలువచేసిన పది అడుగుల గది. గోడలకు పాత బొంతలు, గోనెసంచులు వ్రేలాడుచున్నవి. మూడుకాళ్ల స్టాండుపై ఒక సెల్‌ఫోను. చొక్కాకు తగిలించుకొను చిన్న మైకు ఒకటి. కిటికీకి ఎదురుగా ఒక స్టూలు. ఇంతే.

బొంతలు ఎందుకని అడుగగా, అయిదవ తరగతి బాలిక యొకతె మా ముందు ఒకమారు చప్పట్లు చరచి, తరువాత ప్రక్కనున్న ఖాళీ తరగతి గదిలోనికి తీసుకొనిపోయి మరల చరచినది. రెండవ గదిలో చప్పుడు గింగురుమన్నది. సిమెంటు గోడలకు తగిలిన ధ్వని వెనుకకు మరలి వచ్చి అసలు మాటతో కలిసిపోవును. చెవి దానిని సరిపెట్టుకొనును గాని, మైకు సరిపెట్టుకొనలేదు. బొంతలోని దూది, గోనెలోని నార ఆ ధ్వనిని పీల్చుకొనును. ఫాను కూడ ఆపివేయవలెను. మనకు వినబడని ఫాను రొద వీడియోలో వాన కురియుచున్నట్లు వినబడునట. ఇవి యన్నియు ఆ బాలిక చెప్పినవే. మాస్టారు మాట్లాడలేదు.

వెలుతురు విషయమున ఒక్కటే సూత్రము. కిటికీ మాట్లాడు పిల్లకు ఎదురుగా నుండవలెను, వెనుక ఉండరాదు. వెనుక నున్నచో ముఖము నల్లని నీడయగును. ఫోనును అడ్డముగా పట్టవలెను. మంచి నాణ్యతతో తీసిన వీడియో నిమిషమునకు రమారమి 60 నుండి 130 మెగాబైట్ల వరకు చోటు పట్టును గనుక, పనికిరాని ముక్కలను ఆ రోజే తుడిచివేయవలెను. సాంకేతిక విషయములు ఇంతకు మించి లేవు. కూర్పు పనికి, అనగా ముక్కలు కోసి అతికించుటకు, ధర చెల్లింపనక్కరలేని సాఫ్ట్‌వేర్లు చాలినన్ని కలవు.

అసలు కష్టము కెమెరా ముందు కాదు, దానికి పూర్వము కలదు.

మేము వెళ్లిన వారమున ఆ పిల్లలు నీడలను గూర్చి వీడియో తీయబూనిరి. మూడవ తరగతి వారికి చూపుటకు ఉద్దేశింపబడినది. అయిదుగురు పిల్లల జట్టు: మాటలు వ్రాయు పిల్ల, చెప్పు పిల్లవాడు, ఫోను పట్టువాడు, బొమ్మలు గీయు పిల్ల, తప్పులు పట్టు పిల్ల. ఈ అయిదవ ఉద్యోగము మాకు చాల నచ్చినది. ఆమె చేతిలో ఒక చీటీయుండును. చెప్పిన ప్రతి మాటకు "నీకెలా తెలుసు?" అని అడుగుట ఆమె పని. పుస్తకములో నున్నదన్నచో ఏ పుటలో అని అడుగును. చూచితినన్నచో ఎప్పుడు అని అడుగును.

చెప్పు పిల్లవాడు ధైర్యముగా మొదలుపెట్టెను. ఉదయము నీడ పొడుగు, సాయంకాలము నీడ పొడుగు, మధ్యాహ్నము పన్నెండు గంటలకు సూర్యుడు నడినెత్తిన ఉండును గనుక నీడ ఉండదు అనెను. తప్పులు పట్టు పిల్ల చీటీ ఎత్తినది.

"నీకెలా తెలుసు?"

"అందరికీ తెలుసు. పన్నెండింటికి నీడ ఉండదండి మాస్టారూ!"

"చూశావా?"

పిల్లవాడు చూడలేదు. నిజము చెప్పవలెనన్న, మేమును చూడలేదు. నడినెత్తిన సూర్యుడు అను మాటను ఇన్నేండ్లుగా వాడుచున్నాము గాని, ఏనాడును పన్నెండు గంటలకు నిలబడి క్రిందికి చూచినవారము కాము. మాస్టారు సమాధానము చెప్పలేదు. బడి ఆవరణలో ఒక మీటరు కర్రను నిలువుగా పాతించి, పదకొండున్నర నుండి ఒంటిగంట వరకు పది నిమిషముల కొకసారి నీడ కొనయందు గులకరాయి పెట్టుడని చెప్పిరి. ఫోను పట్టువాడు ప్రతి రాయిని వీడియో తీసెను.

పన్నెండు గంటలు కొట్టునప్పటికి నీడ పోలేదు. ఉత్తరముగా చక్కగా పడియే యున్నది. తరువాత కూడ ఇంకను కొంచెము కుదించుకొని, 12-20 ప్రాంతమున అన్నిటికంటె పొట్టిదై, మరల పెరుగసాగినది. ఆ పొట్టి నీడను టేపుతో కొలువగా 73 సెంటీమీటర్లు వచ్చినది. మీటరు కర్రకు ముప్పాతిక మీటరు నీడ! పిల్లవాని ముఖము చిన్నబోయినది. కొంతసేపటికి అతడే, "మరి మొత్తం నీడ ఎప్పుడు పోతుందండీ?" అని అడిగెను. ఆ వారములో మేము విన్న ప్రశ్నలలో ఇది మిన్న.

దీనికి సమాధానము చాలమందికి తెలియదు గనుక ఇక్కడ చెప్పుదుము. శీతకాలమున సూర్యుడు దక్షిణమునకు వాలి సంచరించును. కాబట్టి మన దేశములో మధ్యాహ్నపు నీడ ఉత్తరముగా పడును. ఎండలు ముదిరిన కొలది సూర్యుడు ఉత్తరమునకు జరుగుచు వచ్చి, ఒకనాడు సరిగా మన తలపైకి వచ్చును. ఆనాడు నిలువు కర్రకు కొద్ది నిమిషములపాటు నీడ యుండదు. మరల దక్షిణమునకు మరలునప్పుడు ఇంకొకనాడు అట్లే జరుగును. సంవత్సరమునకు రెండే రోజులు. హైదరాబాదులో మే నెల 9వ తేదీ ప్రాంతమునను, ఆగస్టు మొదటి వారమునను ఇది జరుగును. దక్షిణముననున్న ఊళ్లలో వేసవి తేదీ కొంచెము ముందుకు, ఆగస్టు తేదీ కొంచెము వెనుకకు జరుగును. కర్కటరేఖకు ఉత్తరముననున్న ఢిల్లీ మొదలగు ఊళ్లలో ఏనాడును జరుగదు.

పన్నెండు గంటలకు కాక 12-20కి నీడ పొట్టిదగుటకు వేరే కారణము. మన దేశపు గడియారములన్నియు 82½ డిగ్రీల తూర్పు రేఖాంశము ననుసరించి నడచును. ఆ రేఖ మన కాకినాడకు దగ్గరగా పోవును. దానికి పడమట నున్న ఊళ్లలో డిగ్రీకి నాలుగు నిమిషముల చొప్పున మధ్యాహ్నము ఆలస్యముగా వచ్చును. అదిగాక జనవరి మాసము నడుమ సూర్యుడే గడియారముకంటె పది నిమిషములు వెనుకబడి యుండును. ఈ రెండవ సంగతి తమకు తెలియదని మాస్టారు పిల్లల ముందు ఒప్పుకొనిరి. మరునాడు తెలిసికొని వచ్చి చెప్పిరి. తెలియదనుటకు సిగ్గుపడని ఉపాధ్యాయుడు దొరకుట ఆ పిల్లల అదృష్టము.

మొత్తము మీద మూడు నిమిషముల వీడియోకు తొమ్మిది పనిదినములు పట్టినవి. మొదటి ప్రతిలోని మాటలు పాఠ్యపుస్తకమునుండి ఎత్తి వ్రాసినవి. చెప్పు పిల్లవాడు వానిని పలుకలేక నాలుగు చోట్ల తడబడెను. "మీ తమ్ముడికి చెప్పినట్టు చెప్పరా" అని మాస్టారు అనిరి. ఇట్టి భాషలో పత్రికలు నింపు మేము కూడ ఆ మాట విని నవ్వుకొంటిమి. రెండవ ప్రతిలో వాక్యములు సగమైనవి. మూడవ ప్రతిలో, "నేను కూడా నీడ ఉండదనుకున్నాను" అను మాట చేరినది. తాను తప్పనుకొన్నదానిని దాచక చెప్పుట ఆ పిల్లవానికి ఎవరును నేర్పలేదు. మూడవ తరగతి పిల్లలకు చూపినప్పుడు, ఆ మాట దగ్గరనే వారందరు చెవులు నిక్కించిరి. ఏలనగా వారును అట్లే అనుకొనుచుండిరి.

ఇతరులకు చెప్పవలసి వచ్చినప్పుడు మనిషి మరింత శ్రద్ధగా చదువునను విషయము పరిశోధనలలో కూడ తేలినది. అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయము వారు 2009లో ప్రకటించిన ఒక పరిశీలనలో, కంప్యూటరు తెరపైనున్న ఒక బొమ్మ విద్యార్థికి పాఠము నేర్పవలసిన పిల్లలు, తమ కొరకు తాము చదువుకొనిన పిల్లలకంటె ఎక్కువసేపు ఆ పాఠముమీద కూర్చుండిరి. బళ్లారి కలెక్టరు వ్రాసినదియు ఇదే.

మన పల్లెలకు తెర క్రొత్తది కాదు. 1975 ఆగస్టు 1 నుండి 1976 జూలై 31 వరకు, అమెరికా ఉపగ్రహము నొకదానిని ఏడాదికి ఎరువు తీసుకొని, ఆరు రాష్ట్రములలోని సుమారు 2,400 గ్రామములకు టెలివిజను కార్యక్రమములు చేర్చిరి. ఆంధ్రప్రదేశ్ ఆ ఆరింటిలో ఒకటి. ఉదయము పూట బడి పిల్లలకు ప్రత్యేక ప్రసారము ఉండెడిది. అది గొప్ప ప్రయత్నమే. కాని పిల్లలు చూచుటయే గాని అడుగుటకు వీలులేదు. ఏడాది గడచిన తరువాత ఉపగ్రహము వెళ్లిపోయినది. 2020లో కరోనా వ్యాధిచే బడులు మూతపడినప్పుడు సప్తగిరి, యాదగిరి చానళ్ల ద్వారా పాఠములు వచ్చినవి. అవి లేకున్నచో ఎందరో పిల్లలకు ఆ కాలము శూన్యముగా పోయెడిది. అయినను అప్పుడును పిల్లవాడు తెరకు ఇవతలనే యుండెను.

తెరకు అవతలికి పిల్లలను తీసుకొనిపోయిన రాష్ట్రములలో కేరళ ముఖ్యమైనది. అచ్చటి విద్యా చానలు విక్టర్స్‌ను 2005 జూలైలో నాటి రాష్ట్రపతి డాక్టర్ అబ్దుల్ కలాముగారు ప్రారంభించిరి. 2018 జనవరిలో లిటిల్ కైట్స్ అను పేర హైస్కూళ్లలో విద్యార్థుల సంఘములు ఏర్పడినవి. ఎనిమిదవ తరగతి పిల్లలు ఒక పరీక్ష వ్రాసి ఇందులో చేరుదురు. బొమ్మలు కదల్చుట, కెమెరా పట్టుట, వీడియో కూర్చుట, కంప్యూటరు కార్యక్రమములు వ్రాయుట నేర్చుకొందురు. వాడు సాఫ్ట్‌వేర్లు స్వేచ్ఛగా పంచుకొనదగినవి. వానికి రుసుము లేదు. తమ బడిలోని సంగతులను వారే వీడియోలుగా తీసి చానలుకు పంపుదురు.

అది హైస్కూలు మాట. చిన్న పిల్లలకు సాధ్యమా యన్నచో, జపాను దేశమును చూడవచ్చును. అచ్చటి ఎలిమెంటరీ పాఠశాలలలో ప్రసారపు గది యుండుట సామాన్యము. అయిదు, ఆరు తరగతుల పిల్లలు ప్రసార సంఘముగా ఏర్పడి, మధ్యాహ్న భోజన సమయమున ప్రకటనలు చదువుదురు, పాటలు వినిపింతురు, బడి సంగతులు చెప్పుదురు. మీటలు నొక్కువారు వారే. వంతులవారీగా చేయుదురు గనుక ఇది ఏ ఒక్కరి ప్రతిభా ప్రదర్శనమో కాదు. నల్లబల్ల తుడుచుట వంటి ఒక పని.

వంతు అను మాటను మన బడులు గట్టిగా పట్టుకొనవలెను. చక్కగా మాట్లాడు పిల్లను ప్రతిసారి కెమెరా ముందు నిలిపి, తక్కినవారిని చప్పట్లు కొట్టుటకు వాడుకొనినచో, ఈ స్టూడియో ఉండుటకంటె లేకుండుట మేలు. అధికారులు వచ్చినప్పుడు స్వాగతగీతములు, పూలదండలు తీయుటకు ఈ గదిని వాడుటయు మాకు నచ్చదు. ప్రచార శాఖలో పనిచేయు మేమే ఈ మాట అనుట వింతగా తోచవచ్చును. కాని దండల వీడియోలు మా యొద్ద కావలసినన్ని కలవు. నీడను కొలిచిన వీడియో మేము చూచుట ఇదియే మొదటిసారి.

ఇక తల్లుల భయము. మేము చూచిన జట్టులో తప్పులు పట్టు పిల్ల తండ్రి పడవ నడపువాడు. మొదటి రోజు సాయంకాలమే ఆయన బడికి వచ్చి, "మాస్టారండీ, మా అమ్మాయి బొమ్మ ఫోనులో తిరగటం మాకిష్టం లేదండి" అని చెప్పెను. కోపముగా కాదు, చేతులు కట్టుకొని చెప్పెను. ఊరిలో ఒక పెండ్లి వీడియోలోని ఆడపిల్లల బొమ్మలను ఎవరో తుంటరులు కత్తిరించి పంపకములు చేసినారట. ఆయన మాట కొట్టివేయదగినది కాదు. మాస్టారు కొట్టివేయనూ లేదు.

తరువాత వారు చేసిన ఏర్పాటు చెప్పుదుము. ఆ అమ్మాయి ముఖము వీడియోలో ఎక్కడను లేదు. చేతులు కలవు, గులకరాళ్లు పెట్టుచున్నవి. గొంతు కలదు. మధ్యమధ్య వచ్చు "నీకెలా తెలుసు?" అను ప్రశ్న ఆమెదే. చూచువారి కన్ను నీడమీదనే నిలుచును. మా అభిప్రాయములో ముఖముకంటె ఇదియే మేలైనది. మీటరు కర్రను గూర్చిన పాఠములో మీటరు కర్ర కనబడవలెను గదా. తండ్రికి పూర్తి వీడియో చూపి, ఆయన సరేనన్న తరువాతనే తక్కిన తరగతులకు చూపిరి.

ఇది మర్యాద మాత్రమే కాదు. 18 ఏండ్లు నిండని పిల్లల వ్యక్తిగత వివరములను డిజిటల్ రూపమున వాడుకొనుటకు తల్లిదండ్రుల లేక సంరక్షకుల అనుమతి, రూఢి చేసికొనదగిన రీతిలో, పొందవలెనని 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టము చెప్పుచున్నది. బడులకు ఏయే సందర్భములలో ఏమేమి మినహాయింపులున్నను, అనుమతి వ్రాతమూలముగా తీసికొనుటయే క్షేమము. వీడియో మొదట బడిలోనే ఉండవలెను. ఇంటర్నెట్టులో పెట్టవలెనన్నచో పిల్ల పేరు, ఊరు, ఇల్లు తెలియు గుర్తులేవియు ఉండరాదు. యూనిఫారముపై బడి పేరు కుట్టియున్నచో అదియు గుర్తే. ఉపాధ్యాయుని సొంత ఫోనులో పిల్లల వీడియోలు నిలువ ఉంచరాదు. బడి ఫోను వేరుగా నుండవలెను. ఒకవేళ ఎవరైనను పిల్లల బొమ్మలను దుర్వినియోగము చేసినచో బాలల సహాయమునకు 1098, సైబరు నేరముల ఫిర్యాదుకు 1930 నంబర్లు కలవు.

ఫోను పిల్లల చేతికి ఇచ్చుటయే తప్పను తల్లిదండ్రులకు ఒక లెక్క చూపుదుము. 2024 నాటి అసర్ నివేదిక ప్రకారము గ్రామీణ ప్రాంతములలో 14 నుండి 16 ఏండ్ల వయసు పిల్లలలో నూటికి 82 మందికి స్మార్ట్‌ఫోను వాడుట వచ్చును. వారిలో, అడిగిన నాటికి ముందటి వారములో, నూటికి 57 మంది చదువుకు సంబంధించిన పనికి వాడిరి. 76 మంది సామాజిక మాధ్యమములకు వాడిరి. ఫోను చేతికి వచ్చియే యున్నది. ఇక మిగిలిన ప్రశ్న, పది పన్నెండేండ్ల వయసులో దానితో మొదట ఏ పని నేర్చుకొందురన్నది. పడవ నడపు ఆయన కూడ ఈ మాటకు తల యూపెను గాని, తన షరతును మాత్రము సడలింపలేదు. సడలింపవలసిన పనియు లేదు.

ఖర్చు విషయము త్వరగా ముగింతుము. కెమెరా బాగుగా పనిచేయు ఫోను ఒకటి, స్టాండు, తీగ మైకు. ఇంతకు మించి కొనవలసినది లేదు. దాత దొరికినచో మొదట మైకు కొనుడు. బొమ్మ మసకైనను పాఠము అర్థమగును, మాట వినబడనిచో కాదు. బొంతలు ఊరిలో దొరకును. ఖాళీ గది లేనిచో మధ్యాహ్నము మూడు తరువాత అంగన్‌వాడీ గదిని అడిగి తీసికొనిన బడులును కలవు. గ్రామపంచాయతీ వారు చేయదగిన ఉపకారము ఇంకొకటి: చిత్రీకరణ జరుగు అరగంటసేపు బడి ప్రక్కనున్న మైకులను ఆపించుట. డబ్బుకంటె ఇదియే కష్టమని మాస్టారు చెప్పిరి.

కష్టములు లేవని మేము చెప్పము. ఒక్క ఉపాధ్యాయుడే యున్న బడిలో తొమ్మిది రోజులు ఒక జట్టుతో గడపినచో తక్కిన తరగతుల గతి ఏమి? మేము చూచిన బడిలో ఇద్దరున్నారు గనుక సాగినది. ఒక్కరే యున్నచోట నెలకొక చిన్న వీడియో, అదియు ఒక్క నిమిషముది, చాలును. చదువుట వ్రాయుట రాని పిల్లవానికి కెమెరా ఇచ్చినందున చదువు రాదు. అతనిచేత మొదట మాటల ప్రతి వ్రాయింపవలెను. రెండు వాక్యములైనను సరే. వ్రాయక నేరుగా మాట్లాడించుట తేలికగా కనబడును గాని, ఆ తేలికలో పోవునది చాల యున్నది.

నీడ వీడియోను ఆ శనివారము సాయంకాలము బడి గోడమీద, దుప్పటి కట్టి, ఊరివారికి చూపిరి. ప్రొజెక్టరు మండల కార్యాలయము నుండి తెచ్చినది. వచ్చినవారు నలుబదిమంది యుందురు. వీడియో ముగియగానే వెనుక వరుసలోని ముసలాయన ఒకరు లేచి, "అయితే ఆ నీడ పోయే రోజు మనూళ్లో ఎప్పుడురా?" అని అడిగిరి. పిల్లలు ముందే లెక్క కట్టించుకొని యుండిరి. మే 5వ తేదీ ప్రాంతమున ఒకసారి, ఆగస్టు 7 లేక 8న ఇంకొకసారి అని చెప్పు పిల్లవాడు చెప్పెను. తప్పులు పట్టు పిల్ల వెంటనే, అది తాము చూచినది కాదు, లెక్క మాత్రమే అని చేర్చినది. మే నెలలో బడికి సెలవులు. ఆగస్టులో మబ్బులు. అయినను ఆవరణలోని కర్రను తీయవలదని నిశ్చయించుకొనిరి. మేము వచ్చునాటికి దానిచుట్టు ఇటుకలు పేర్చి, మేకలు పడద్రోయకుండ ముండ్లకంప కట్టుచుండిరి.